నాన్న చేతులకు గుర్తున్న విమానం

ప్రశ్న: నాకు ముప్పై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచీ విమానాలంటే పిచ్చి. రెండేళ్లుగా ప్లాస్టిక్ కిట్లు తెప్పించుకుని పాత యుద్ధ విమానాల మోడళ్లు చేస్తున్నాను. ఇప్పటికి ఆరు పూర్తయ్యాయి. మా నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒంటి పనులు చూసే మెకానిక్‌గా, పదిహేనేళ్లు చేసి సార్జెంటుగా బయటికొచ్చారు. తర్వాత బ్యాంకులో చేరి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. 1971 యుద్ధం నాటికి నాట్ అనే చిన్న యుద్ధ విమానాల మీద పనిచేసేవారట. ఆయన పుట్టినరోజుకి ఆ మోడల్ చేసి ఇద్దామని కిట్ తెప్పించాను. పెట్టె తెరిచి చూపిస్తే "ఇది మా బండి కాదురా" అన్నారు. అంతే, మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఇంకొక సంగతి. మాకు దగ్గర్లో ఒక కాలేజీ ఆవరణలో దిమ్మె మీద కిరణ్ అనే పాత శిక్షణ జెట్ ఉంది. రంగు పెచ్చులూడిపోయి, లోపల పక్షులు గూళ్లు పెట్టి అధ్వాన్నంగా తయారైంది. నలుగురు స్నేహితులం కలిసి సెలవుల్లో పాత రంగు గీకేసి, కొత్త రంగులేసి బాగుచేద్దామనుకుంటున్నాం. మా ఆవిడ మాత్రం "ఈ వయసులో బొమ్మలేంటి, ఆ డబ్బు పాప పేరున వేయొచ్చుగా" అంటుంది. నేను చేస్తున్నది పనికొచ్చే పనేనా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయాను. "ఇది మా బండి కాదురా." మీ మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ మాటలోంచే వస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజమై ఉంటుంది. మీరు తెప్పించిన కిట్ పేరు రాయలేదు గానీ, బజార్లో నాట్ పేరుతో తేలిగ్గా దొరికే కిట్లు ఎక్కువగా రెండు సీట్ల ట్రైనర్‌వి, అంటే శిక్షణ విమానంవి. పెట్టె మీద ఎర్రటి విమానం బొమ్మ ఉంటే ఇక అనుమానమే లేదు. బ్రిటన్‌లో రెడ్ యారోస్ అనే విన్యాసాల జట్టు 1965 నుంచి 1979 దాకా ఎగిరించింది ఆ ట్రైనర్లనే. మనవాళ్లు యుద్ధంలో నడిపింది ఒకే సీటున్న ఫైటర్. పేరొకటే, రూపం వేరు.

దాని వెనక చిన్న కథ ఉంది. నాట్ అంటే దోమలాంటి చిన్న పురుగు పేరు. ఫోలాండ్ కంపెనీలో పెట్టర్ అనే డిజైనర్ దీన్ని తయారుచేశారు. ఫైటర్లు ఏడాదికేడాది బరువెక్కిపోతున్నాయి, ఖరీదెక్కిపోతున్నాయి, చిన్నగా తేలిగ్గా ఒకటి చేసి చూపిస్తానని ఆయన పట్టుబట్టారు. 1955లో అది తొలిసారి ఎగిరింది. సొంత దేశపు వాయుసేన మాత్రం ఫైటర్‌ని వద్దనుకుని, రెండు సీట్ల ట్రైనర్‌ని మాత్రమే తీసుకుంది. ఫైటర్‌ని నమ్మి పెద్ద సంఖ్యలో తీసుకున్నది మన దేశమే. బెంగళూరులో మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ లైసెన్సు మీద తయారుచేసింది కూడా.

ఇప్పుడు మీ కిట్ ముందుపెట్టుకుని చూడండి. ఫైటర్ పొడవు 8.74 మీటర్లు, ట్రైనర్‌ది 9.68. రెక్కల కొస నుంచి కొసకి ఫైటర్‌కి 6.73 మీటర్లు, ట్రైనర్‌కి 7.32. 1/72 స్కేల్‌లోకి, అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతుకి వచ్చేసరికి పొడవులో తేడా 13 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత. మామూలు కంటికి అది ఆనదు. మరి ఆయన కంటికి ఎలా ఆనింది? ఫైటర్‌కి గాలి లోపలికి పీల్చుకునే ముక్కుల అంచులోనే, పక్కకొకటి చొప్పున 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులు ఉంటాయి. ట్రైనర్‌కి అవి లేవు. ఫైటర్‌లో అయిలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వాల్చే కదిలే పలకలు, రెక్క మీద ఒంటికి దగ్గరగా ఉంటాయి. ట్రైనర్‌లో అవి రెక్క చివరికి పోయి, లోపలి చోటు దిగేటప్పుడు కిందికి వంచే ఫ్లాప్స్‌కి వచ్చింది. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ రోజూ చెయ్యి పెట్టేది సరిగ్గా అక్కడే. యాభై ఏళ్ల తర్వాత ఒక ప్లాస్టిక్ రెక్క చూసి తనది కాదని చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఉన్నారు. ఆయనకి ఇంకా ఏమేం గుర్తున్నాయో ఎవరైనా అడిగారా?

అందుకని మీ "ఎక్కడ మొదలుపెట్టాలి" అనే ప్రశ్నకి నా జవాబు ఇది. జిగురు పక్కనపెట్టండి, సాండ్ పేపర్ పక్కనపెట్టండి. నాన్నగారి దగ్గర కూర్చోండి. ఈ వారమే.

ఎలా అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే నేనూ తప్పుగా అడిగి నేర్చుకున్నవాణ్ణే. "యుద్ధం గురించి చెప్పండి" అంటే చాలామంది పెద్దవాళ్లు రెండు వాక్యాల్లో ముగించేస్తారు, లేదా పేపర్లో వచ్చిన సంగతులే తిరిగి చెప్తారు. చేతుల గురించి అడగండి. పొద్దున్నే విమానం దగ్గరికెళ్తే ముందు దేని మీద చెయ్యి వేసేవారు? ఏ ప్యానెల్ విప్పాలంటే విసుగొచ్చేది? ఏ స్క్రూ మాటిమాటికీ జారి పడిపోయేది? చలికాలం రాత్రుళ్లు చేతులు కొంకర్లు పోతే ఏం చేసేవారు? ఆ ప్రశ్నలకి జవాబులు ఆయన ఇంకెవరి దగ్గరా విని ఉండరు, అందుకని సొంతవే చెప్తారు.

కొన్నేళ్ల కిందట ఇంకో రిటైర్డ్ ఫిట్టర్‌గారి ఇంటికి వెళ్లాను. గంటసేపు ఆయన ముక్తసరిగా మాట్లాడారు. నా సంచీలో సగం అతికించిన మోడల్ ఒకటుంది, ఊరికే తీసి చేతికిచ్చాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, దాన్ని వెల్లకిలా తిప్పి, చక్రం మడిచే గుంతలోకి చిటికెనవేలు పోనిచ్చారు. వేలు అక్కడే ఉండగా మాట మారిపోయింది. "ఇక్కడ ఎడమచెయ్యి పట్టదండీ. కుడిచెయ్యే పెట్టాలి, అదీ గడియారం తీసేసి." తర్వాత రెండు గంటలు ఆపకుండా చెప్పారు. ఆయన కుడి మణికట్టు మీద ఒక పాత గీత ఉంది. అదెలా పడిందో చివర్లో చూపించారు.

మీ కిట్ వృథా పోలేదు, చూశారా. ట్రైనర్ అయితేనేం, దాన్ని ఆయన చేతిలో పెట్టండి. "ఎక్కడెక్కడ తేడా ఉందో చెప్పు నాన్నా" అనండి. పెన్సిల్ ఇచ్చి ప్లాస్టిక్ మీదే గీయమనండి. ఫోన్లో రికార్డ్ చేసుకోండి, కానీ ఆయనకి చెప్పే చేసుకోండి. ఒక పూటకి ముప్పావు గంట చాలు. అలసిపోతే మర్నాడు. ఆయన చెప్పిన తేదీకీ పుస్తకాల్లో ఉన్న తేదీకీ పొంతన కుదరకపోతే అక్కడికక్కడ సరిదిద్దొద్దు. రెండూ రాసిపెట్టుకోండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి. తేదీలు కాగితాల్లో మరోచోట దొరుకుతాయి. ఎడమచెయ్యి పట్టదన్న సంగతి ఇంకెక్కడా దొరకదు.

నాట్ గురించి అడగడానికి మీకు ఒకటి రెండు ఆధారాలు ఇస్తాను. అది నేలకి చాలా దగ్గరగా కూర్చునే విమానం. చాలా పనులు నిచ్చెన లేకుండానే, నేల మీద నిలబడి చేసేసేవారు. పైనుంచి చూసేవాళ్లకి అది సుఖంగా అనిపిస్తుంది, కానీ లోపల సామాను అంతా కుక్కి కుక్కి పెట్టినట్టుంటుంది, అందులో ఫిట్టర్ పాట్లు ఏమిటో ఆయన్నే అడగండి. దానికి వేరే ఎయిర్ బ్రేకులు లేవు. చక్రాలనీ వాటి తలుపులనీ సగం దాకా దించితే అవే గాలికి అడ్డుపడి వేగం తగ్గించేవి. ఆ తలుపుల సర్దుబాటు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ పనే. తుపాకులు బిగుసుకుపోవడం, తోక దగ్గరి కంట్రోళ్లు ఇబ్బందిపెట్టడం ఈ విమానంతో ఉన్న పాత చిక్కులు. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ 1971 డిసెంబర్ 14న శ్రీనగర్‌లో పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు ఆరు దాడికొస్తే ఎదురెళ్లింది నాట్‌లోనే. వాయుసేనకి ఇప్పటిదాకా వచ్చిన ఒకే ఒక్క పరమవీర చక్ర ఆయనది. ఆ రోజు ఆ వార్త మీ నాన్నగారి యూనిట్‌కి ఎలా చేరింది, ఎవరు చెప్పారు, అప్పుడు ఆయన చేతిలో ఏ పనుంది, ఇవి అడగదగ్గ ప్రశ్నలు.

ఇంత తొందరెందుకు అంటారేమో. పాత విమానాలు ఎలా మిగిలాయో చూస్తే ఆ తొందర ఎందుకో తెలుస్తుంది.

1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్ 9ఏ అనే బాంబర్లు సమకూర్చారు. అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది. ఒక్కో విమానం మీద ఇది హైదరాబాద్ నిజాం కానుక అని రాసుండేది. ఆ కొయ్యా గుడ్డా విమానాల్లో ఎఫ్1010 అనే ఒక్కటి ఇవాళ్టికీ ఉంది, లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో. అది ఎందుకు మిగిలిందో తెలుసా? 1918 అక్టోబర్ 5న శత్రువుకి చిక్కింది కాబట్టి. అందులోని ఇద్దరూ బందీలయ్యారు, విమానాన్ని జర్మన్లు బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ స్పిట్‌ఫైర్ అనే పాత ఫైటర్ ఒకటి బదులిచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. పని పూర్తిచేసుకుని క్షేమంగా ఇంటికొచ్చిన దాని తోటి విమానాలు ఏమయ్యాయి? తుక్కయ్యాయి. హైదరాబాద్ పేరు మోసిన విమానం ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే అది ఓడిపోయిన విమానం కాబట్టే.

లిబరేటర్ బాంబర్ల సంగతీ అంతే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ అమెరికన్ బాంబర్లు 18 వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు కాన్పూర్‌లో బోలెడన్ని వదిలేసి, మళ్లీ ఎగరకుండా పాడుచేసి మరీ వెళ్లారు. హెచ్‌ఏఎల్ వాళ్లు ఆ తుక్కులోంచి ఏరి, ఒకదాని భాగాలు ఇంకోదానికి పెట్టి, నలభై దాకా మళ్లీ ఎగిరించారు. మన వాయుసేన వాటిని 1968 దాకా వాడింది. ఇవాళ బ్రిటన్‌లో, అమెరికాలో, కెనడాలో మ్యూజియాలు గొప్పగా చూపించుకునే లిబరేటర్లలో కొన్ని ఇక్కణ్నుంచి వెళ్లినవే. దాచుదామని ఎవరూ అనుకోలేదు. మనవాళ్లకి కొత్త బాంబర్లు కొనే స్తోమత లేక వాడుతూ వచ్చారు కాబట్టి మిగిలాయి. ఇక నాట్‌కే వస్తే, 1965 సెప్టెంబర్ 3న పాకిస్తాన్‌లోని పస్రూర్‌లో దిగిపోయిన మన విమానం ఒకటి కరాచీలోని పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

విమానమే ఇలా అదృష్టం కొద్దీ మిగిలితే, దానికి స్పానర్ పట్టిన మనిషికి తెలిసింది మిగలడం మరీ కష్టం. పైలట్ల పోరాటాలు పతకాల పత్రాల్లో ఉన్నాయి. ఫిట్టర్ పని అప్పటి రిజిస్టర్లలో ఒక సంతకం, అంతే. మీ ఇంట్లో ఆ సంతకం పెట్టిన మనిషి పక్క గదిలో కూర్చుని ఉన్నారు. నాకు మీ మీద కాస్త అసూయగా కూడా ఉంది.

ఇక కాలేజీలోని కిరణ్. దయచేసి దాన్ని గీకొద్దు. ఇది నేను గట్టిగా చెప్పాలి.

దాదాపు ఇరవయ్యేళ్ల కిందట, ఒక విద్యాసంస్థ ఆవరణలో ఉన్న పాత శిక్షణ విమానానికి రంగులేద్దామని పిల్లల్ని పోగేసుకుని వెళ్లాను. అచ్చం మీలాగే ఉత్సాహం. సాండ్ పేపర్లు పంచి, మధ్యాహ్నానికల్లా ఎడమపక్కంతా నున్నగా చేసేశాం. టీ తాగి వచ్చి చూస్తే, ముక్కు దగ్గర గీకిన చోట పై రంగు కింద ఇంకో రంగు, దాని కింద సన్నటి నల్లటి అక్షరాల సగం ముక్కలు, ఒక పాత నంబరులో చివరి రెండంకెలు కనిపించాయి. అది ఏ యూనిట్‌లో ఉండేదో, ముందు ఏ నంబరుతో ఎగిరిందో చెప్పగలిగిన ఆధారం అదొక్కటే. మిగతాది మా కాళ్ల కింద పొడిగా రాలి ఉంది. ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు. ఆ రెండంకెలు నాకు ఇప్పటికీ గుర్తు. వాటి ముందున్నవి ఎవరికీ తెలియవు.

రంగు అంటే అందానికి వేసేది అనుకుంటాం. పాత విమానం మీద రంగు పొరలు ఇంటి దస్తావేజుల్లాంటివి. ఇక్కడ అడుగుపెట్టొద్దు, ఇక్కడ ఎత్తాలి, ఈ మూత ఇలా తిప్పాలి అని అంగుళం అంగుళానికీ రాసిన చిన్న స్టెన్సిల్ రాతలు, మరమ్మతు అతుకులు, మార్చిన నంబర్లు, అన్నీ అందులోనే ఉంటాయి. దిమ్మెల మీది విమానాలకి వేసే ఇంటి ఎనామెల్ రంగు ఒక్క కోటు చాలు, ఇవన్నీ మాయం కావడానికి.

మీరు చెయ్యగలిగింది, నిజంగా మేలు చేసేది ఇది. ముందు కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి కాగితం మీద రాసి అనుమతి తీసుకోండి. విమానం వాళ్లకి ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు, ఆ ఉత్తరం ఫైల్లో ఉందా అని అడిగి, ఉంటే నకలు తీసుకోండి. చాలా చోట్ల ఆ ఫైలే ముందు పోతుంది. తర్వాత ఒక ఆదివారమంతా ఫొటోలకే ఇవ్వండి. పక్కన స్కేలు పెట్టి, ముక్కు నుంచి తోక దాకా ప్రతి ప్యానెల్, ప్రతి రాత, పెచ్చు ఊడిన ప్రతి చోటు. పొద్దున ఏటవాలు ఎండలో తీస్తే రంగు కింద దాగిన పాత అక్షరాల అంచులు తేలి కనిపిస్తాయి. అది మధ్యాహ్నం కనిపించదు.

ఆ తర్వాతే నీళ్లు. మామూలు మంచినీళ్లు, కొద్దిగా మెత్తటి సబ్బు, గుడ్డ. పక్షి రెట్ట అల్యూమినియాన్ని తినేస్తుంది, దాన్ని నానబెట్టి తియ్యండి, గోకొద్దు. పొట్ట కింద చిన్న చిన్న కన్నాలుంటాయి. లోపల చేరిన వాననీళ్లు బయటికి పోవడానికి పెట్టినవి. గూళ్ల చెత్తతో, మట్టితో అవి పూడుకుపోయి ఉంటాయి. కొయ్యపుల్లతో వాటిని తెరవండి. అన్నిటికన్నా పెద్ద ఉపకారం ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. పైనుంచి చూస్తే బాగానే ఉన్న విమానం లోపల నిలిచిన నీళ్ల వల్లే కుళ్లిపోతుంది. గుడ్లో పిల్లలో ఉన్న గూడు మాత్రం ఆ సీజన్ అయ్యేదాకా కదపొద్దు.

వైర్ బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. ఇనుప తునకలు అల్యూమినియంలో దిగబడి, వాన పడగానే చుట్టూ పుండులా తినడం మొదలుపెడతాయి. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే అల్యూమినియం తుప్పు, ఎక్కడుందో గుర్తు పెట్టి ఫొటో తియ్యండి. కాక్‌పిట్ అద్దం మీద ప్లాస్టిక్ షీట్ కప్పొద్దు. లోపలి తేమ బయటికి పోదు. కప్పాలనుకుంటే గాలాడే మందపాటి గుడ్డ కప్పండి. కాక్‌పిట్ లోపలికి మాత్రం ఎవరూ దిగొద్దు. పాత జెట్లలో పైలట్‌ని బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు మందుగుండుతో పనిచేస్తుంది, దాన్ని తీసేశారని కాగితం మీద రుజువు ఉండాలి, ఎవరో చెప్పారని కాదు. పాత డయళ్ల మీద చీకట్లో మెరిసే రంగులో రేడియం ఉండే అవకాశం ఉంది. గీకితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. స్నేహితులు సెల్ఫీకి సరదాపడినా మీరు ఒప్పుకోకండి.

ఇంత చేశాక కూడా రంగు వేయాల్సిందే అని కాలేజీ అంటే, ఫొటోలు చేతిలో పెట్టుకుని, తెలిసినవాళ్ల సలహాతో, పాత రాతల్ని మళ్లీ అదే కొలతలో రాసేలా మాట్లాడి వేయించండి. మూల ఒక జానెడు చోటు పాత రంగు అలాగే వదిలేయమని అడగండి.

పెద్ద విమానాన్ని బయట నిలబెడితే ఏమవుతుందో కళ్లారా చూడాలంటే విశాఖపట్నం వెళ్లండి, నాన్నగారి ఆరోగ్యం సహకరిస్తే ఆయన్నీ తీసుకెళ్లండి. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఎదురుగా టీయూ-142 అనే పెద్ద నిఘా విమానం ఉంది. నౌకాదళంలో 1988లో చేరి, 2017 మార్చిలో సెలవు తీసుకుని, ఆ ఏడాది డిసెంబర్ నుంచి మ్యూజియంగా నిలబడింది. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, మొత్తం ఎనిమిది. దాని కింద నిలబడి ఊరికే పైకి చూసి వచ్చేయకండి. సముద్రం వైపు ఉన్న రివెట్లనీ, ఊరి వైపు ఉన్న రివెట్లనీ పోల్చి చూడండి. ఉప్పుగాలి పక్కన ఒక లోహపు శరీరాన్ని నిలబెట్టడం అంటే రోజూ చేసే చాకిరీ, ఒకసారి రంగేసి వదిలేస్తే సరిపోదు. మీ కాలేజీ కిరణ్‌కి ఉప్పుగాలి బెడద లేదు. మీరు ఏడాదికి రెండుసార్లు కడిగి కన్నాలు తెరిచి వస్తే అది ఇంకా చాలాకాలం ఉంటుంది. అసలైన నాట్ ఫైటర్ ఢిల్లీ పాలం వాయుసేన మ్యూజియంలో ఉంది, వెళ్లే ముందు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

ఇప్పుడు మోడల్. ఫైటర్ రకం నాట్‌ని 1/72లో స్పెషల్ హాబీ అనే చెక్ కంపెనీ తెచ్చింది. అదే కంపెనీది అజీత్ కూడా ఉంది, పొరపాటున అది కొనకండి. అజీత్ నాట్‌కి తర్వాతి రూపం, మొదటిసారి ఎగిరిందే 1975లో. మోడల్ పూర్తయితే పన్నెండు సెంటీమీటర్లే ఉంటుంది. 1965లో యుద్ధం మొదలైనప్పుడు నాట్లు ఎక్కువగా వెండి మెరుపుతో ఉండేవి. 1971 నాటికి మభ్యపెట్టే పచ్చ రంగులు వచ్చాయి. కాబట్టి రంగు కొనేముందు ఏ ఏడాది, ఏ ఊళ్లో అన్నది నాన్నగారిని అడిగి తేల్చుకోండి. వానాకాలంలో స్ప్రే చేస్తే తేమకి రంగు తెల్లబారుతుంది. పొడిగా ఉన్న రోజు చూసుకోండి, లేదా బ్రష్‌తో పల్చగా మూడు కోట్లు వేయండి.

మరొక మాట, ఇది నా సొంత అభిప్రాయం. ఈమధ్య మోడళ్ల మీద నూనె మరకలు, మసి, తుప్పు దట్టంగా పూయడం ఒక అలవాటైపోయింది. మీ నాన్నగారి విమానానికి ఆ పని చేయకండి. ఆయన రోజూ తుడిచిన విమానం అది. నూనె నిజంగా ఎక్కడ కారేదో, బూటు ఎక్కడ ఆనించి ఎక్కేవారో, అరిగి లోహం ఎక్కడ బయటపడేదో ఆయన చెప్పిన చోట మాత్రమే, చెప్పినంత మాత్రమే మరక పెట్టండి.

మీ శ్రీమతి మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. రెండేళ్లలో ఎన్ని కిట్లు కొన్నారో, ఎన్ని పెట్టెలు విప్పకుండా అటక మీద ఉన్నాయో మీకే తెలుసు. ఒకటి పూర్తయితే తప్ప ఇంకొకటి కొనను అని ఆవిడ ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. పాప ఉన్న ఇల్లు కాబట్టి థిన్నర్, జిగురు, కటింగ్ బ్లేడు తాళం వేసే డబ్బాలో పెట్టండి. స్ప్రే పని డాబా మీదే, మాస్క్ పెట్టుకునే చేయండి. ఆవిడకి అది బొమ్మలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు, ఇన్నాళ్లూ మీరు ఒక్కరే గదిలో కూర్చుని చేశారు. రేపు మామగారు కొడుక్కి చక్రం తలుపు ఎలా మూసుకునేదో చెయ్యి తిప్పి చూపిస్తుంటే, పాప తాతయ్య పక్కన కూర్చుని వింటుంటే, ఆవిడకి ఏమనిపిస్తుందో ఆవిడే చెప్తుంది. పిలవండి, రికార్డింగ్ ఆవిడనే చేయమనండి. కోడలు అడిగితే మామగారు కొడుక్కి చెప్పనివి కూడా చెప్తారు, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

చివరిగా ఒక చిన్న పని. ఎయిర్‌మెన్‌గా పనిచేసిన వాళ్ల ఇళ్లలో దాదాపు తప్పకుండా ఒక గ్రూప్ ఫొటో ఉంటుంది, విమానం ముందు రెండు మూడు వరసల్లో నిలబడి తీయించుకున్నది. ఫ్రేములో ఉంటే జాగ్రత్తగా వెనక అట్ట తీసి చూడండి. లామినేషన్ చేయించకండి, సెల్లోటేప్ అంటించకండి. ముందు స్కాన్ చేయించి, దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, తలల చుట్టూ గీత గీసి, నాన్నగారు గుర్తుపట్టిన పేర్లు ఆ కాగితం మీద రాయండి, ఫొటో మీద కాదు. వెనకున్న విమానం తోక మీద నంబరు కనిపిస్తుందేమో భూతద్దం పెట్టి చూడండి. కనిపిస్తే మీరు చేయాల్సిన మోడల్ నంబరు అదే. కనిపించకపోతే ఆ ఫొటో వెనకపక్క పెన్సిల్‌తో ఏమైనా రాసుందేమో చూసి, ఉంటే నాకు రాయండి.